చిట్టి లారీ... గట్టి పాఠం!

చూడ్డానికి పిల్లల బొమ్మే. విప్పి చూస్తే మాత్రం గేర్‌బాక్సు నుంచి షాక్ అబ్జార్బర్ల దాకా నిజం లారీలో ఉండేవన్నీ కనిపిస్తాయి. రిమోట్ కంట్రోల్ ట్రక్కును సొంతంగా బిగించుకుని, తోచిన మార్పులు చేసుకుని, గంటకు 90 కిలోమీటర్లు దాటించే సరదా ఇది. ఆ వేగం డబ్బులు పెడితే వచ్చేస్తుంది. దాన్ని తట్టుకునే బండి మాత్రం... ఆలోచిస్తేనే వస్తుంది.

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో. టెక్సాస్ రాష్ట్రంలో తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఊళ్లలో అదొకటి. జూన్ నెల ఆదివారం సాయంత్రం. ఓ ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండున్నర జానల పొడవు ట్రక్కు ఒకటి గంయ్‌మంటూ దూసుకొచ్చింది. చేతిలో రిమోట్ పట్టుకున్న పద్నాలుగేళ్ల కుర్రాడు మలుపు తిప్పడం క్షణం ఆలస్యమైంది. ఫట్‌మని సిమెంటు గట్టుకు కొట్టుకుని, రెండు పల్టీలు కొట్టి, నాలుగు చక్రాలూ పైకెత్తి ఆగిపోయింది. ముందు చక్రం ఒకటి ఊడి పక్కకు దొర్లింది.

నెలలో ఇది మూడోసారి. ఇంటికి తెచ్చి గ్యారేజీలో పెట్టగానే వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు.

‘‘ఇదే ఆఖరు. బండి కొన్నదానికంటే రిపేర్లకే ఎక్కువైంది. ఇంకొక్క డాలరు కూడా ఇచ్చేది లేదు.’’

కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదిపాటు పుట్టినరోజు డబ్బులు, పక్కింటివాళ్ల పచ్చిక కోసిన డబ్బులు దాచుకుని కొనుక్కున్న బండి అది. మూలన కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న తాతయ్య మెల్లగా లేచాడు. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని విజయవాడ నుంచి వచ్చాడాయన. ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీలు విప్పి బిగించిన చెయ్యి. అమెరికా వచ్చాక ఆ చేతికి పనే లేకుండా పోయింది.

‘‘ఒరేయ్ నాన్నా, ఓ పాత పేపరు పరిచి, స్క్రూ డ్రైవర్లు పట్రా. ఏం విరిగిందో కాదు... ఎందుకు విరిగిందో చూద్దాం’’ అన్నాడు.

పోర్షే కారు విప్పి...

పెద్దాయన ఆ బండిని చేతిలోకి తీసుకున్న తీరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది- ఆయన దాన్ని బొమ్మ అనుకోలేదని. నిజానికి ఆ సరదా చరిత్రంతా అలాంటి పట్టుదల మనుషులదే.

తీగ లేకుండా ఓ వస్తువును దూరం నుంచి నడపొచ్చని ప్రపంచానికి చూపించినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రేడియో తరంగాలతో ఓ చిన్న పడవను నడిపాడు. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. ఆ విద్య దుకాణంలో దొరికే కారు దాకా రావడానికి మాత్రం ఇంకో అరవై ఎనిమిదేళ్లు పట్టింది. 1966లో ఇటలీకి చెందిన ఎలెట్రానికా జియోకాటోలి అనే సంస్థ పన్నెండో వంతు సైజులో ఫెరారీ కారు తయారుచేసింది.

ఆ తరవాతి మలుపు జపాన్‌ది. షిజువోకా నగరంలోని తమియా కంపెనీ పోర్షే 934 కారు నమూనా చేయాలనుకుంది. కొలతలు సరిగ్గా రావాలంటే ఎలా? ఏకంగా ఓ నిజం పోర్షే 911 కారు కొని, విప్పి చూసుకుంది! అంత ఖర్చు పెట్టి చేసిన నమూనాకే మోటారు, రేడియో అమర్చి 1976లో మార్కెట్లోకి వదిలింది. రిమోట్ కారు ఇంటింటి సరదాగా మారడం అక్కణ్నుంచే మొదలైంది.

తారు రోడ్డు మీద పరుగెత్తే కార్లు అయ్యాక మట్టిలో, ఇసుకలో ఉరికేవి వచ్చాయి. 1984లో అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ సంస్థ తెచ్చిన ఆర్‌సీ10 పూర్తిగా పందెం కోసమే పుట్టిన బండి. 1987లో తమియా ‘క్లాడ్ బస్టర్’ పేరుతో పెద్దపెద్ద చక్రాల రాక్షస ట్రక్కు తెచ్చింది. దానికి మోటార్లు రెండు. ముందు చక్రాలే కాదు, వెనక చక్రాలూ మలుపు తిరుగుతాయి. కొన్నవాళ్లు దాన్ని కొన్నట్టుగా ఉంచుకుంటే ఒట్టు! సస్పెన్షన్ మార్చినవాళ్లు కొందరు, ఛాసిస్ మొత్తం కొత్తది చేసుకున్నవాళ్లు ఇంకొందరు. ట్రక్కులకు మార్పులు చేసుకోవడమే ఓ ప్రత్యేక హాబీ అయిపోయింది.

1986లో టెక్సాస్‌లో పుట్టిన ట్రాక్సస్ కంపెనీ ఈ రంగంలో ఇంకో పెద్ద పేరు. దాని ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోకు పక్కనే ఉన్న మెకినీలో ఉంది. 1999లో ఇంధనంతో నడిచే టి-మ్యాక్స్ ట్రక్కును, 2008లో ‘స్లాష్’ అనే ట్రక్కును తెచ్చింది. మెక్సికోలోని బాహా ఎడారి పందేల్లో పరుగులు తీసే ట్రక్కుల తరహాలో, పదో వంతు సైజులో ఉండే స్లాష్‌తో ‘షార్ట్ కోర్స్’ రకం ట్రక్కులకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మన కుర్రాడి దగ్గర ఉన్నదీ ఆ రకం బండే.

లారీలో ఉన్నవన్నీ...

పేపరు మీద ఒక్కో భాగమూ విప్పి పెడుతుంటే తాతయ్య మొహం వెలిగిపోయింది. ‘‘ఇదేంట్రా... ఇది డిఫరెన్షియలే!’’

అవును మరి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకే లారీకైనా, అరచేతిలో పట్టే గేర్‌బాక్సుకైనా డిఫరెన్షియల్ తప్పదు. మోటారు మొనకు చిన్న పళ్లచక్రం... దాన్ని పినియన్ అంటారు. అది పెద్ద పళ్లచక్రాన్ని, అంటే స్పర్‌ను తిప్పుతుంది. చిన్నదానికి 20 పళ్లు, పెద్దదానికి 80 పళ్లు ఉన్నాయనుకోండి. మోటారు నాలుగు చుట్లు తిరిగితే స్పర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. పినియన్ పళ్లు పెంచితే పరుగు పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. పళ్లు తగ్గిస్తే పరుగు తగ్గి, లాగుడు పెరుగుతుంది. ఘాట్ రోడ్డెక్కే లారీ గేరు లెక్కే ఇదీ.

గేర్‌బాక్సు పక్కన స్ప్రింగుతో బిగించిన చిన్న బిళ్ల ఉంటుంది. దాని పేరు స్లిప్పర్ క్లచ్. బండి గాల్లోకి ఎగిరి కింద పడ్డప్పుడు, వడిగా తిరుగుతున్న చక్రాలు నేల తగిలి ఒక్కసారిగా ఆగినంత పనవుతుంది. ఆ కుదుపు నేరుగా పళ్లచక్రాల మీద పడకుండా ఈ బిళ్ల కాస్త జారిపోతుంది. ముందు చక్రాలను మలిపే సర్వో మోటారుకీ ఇలాంటి రక్షణే ఉంటుంది. చక్రానికి రాయి తగిలితే ఓ స్ప్రింగు సాగి, ఆ దెబ్బ సర్వో లోపలి పళ్ల దాకా పోకుండా అడ్డుకుంటుంది. చక్రాలను ఛాసిస్‌కు కలిపే చేతుల్లాంటి ముక్కలు... వాటిని ఆర్మ్‌లు అంటారు... అవి నైలానువి. దెబ్బ తగిలితే వంగి మళ్లీ మామూలుగా అవుతాయి. మరీ గట్టి దెబ్బయితే విరుగుతాయి.

‘‘మరి నువ్వేం చేశావు?’’ అడిగాడు తాతయ్య.

కుర్రాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. ముందుగా పాత మోటారు తీసేసి బ్రష్‌లెస్ మోటారు పెట్టాడు. రెండు సెల్లుల బ్యాటరీ బదులు మూడు సెల్లులది పెట్టాడు. బయల్దేరేటప్పుడు ఊపు చాల్లేదని స్లిప్పర్ క్లచ్‌ను కదలకుండా బిగించేశాడు. రెండోరోజే డిఫరెన్షియల్ పళ్లు అరిగి పిండైపోయాయి. అది మార్చాక గట్టుకు తగిలి నైలాను ఆర్మ్ విరిగింది. ఇక విరక్కూడదని అల్యూమినియం ఆర్మ్‌లు కొని వేశాడు. ఈసారి ఆర్మ్ విరగలేదు. దాన్ని పట్టి ఉంచే ముందు భాగమే పగిలిపోయింది!

తాతయ్య పకపకా నవ్వాడు. ‘‘మన ఇళ్లల్లో ఫ్యూజు ఎందుకు పెడతార్రా? కరెంటు ఎక్కువైతే అది కాలిపోవాలని. అది కాలిందని కోపమొచ్చి, దాని బదులు ఇనుప మేకు పెట్టావనుకో... ఇల్లు కాలుద్ది. నువ్వు చేసింది అదే.’’

పన్నెండంతస్తుల పైనుంచి

కుర్రాడి బండిలో ఏం జరిగిందో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి.

పాతరకం మోటార్లలో కార్బన్ బ్రష్షులు తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. రాపిడి వల్ల వేడి, అరుగుదల. బ్రష్‌లెస్ మోటారులో ఆ రాపిడి లేదు. అయస్కాంతం మధ్యలో తిరుగుతుంటే, చుట్టూ ఉన్న తీగచుట్టలకు కరెంటును వంతులవారీగా పంపే పని స్పీడ్ కంట్రోలర్ చేస్తుంది. మోటారు మీద 3500 కేవీ అని రాసి ఉందంటే కిలోవోల్టులు అనుకోకండి. ఒక్కో వోల్టుకు నిమిషానికి 3500 చుట్లు తిరుగుతుందని అర్థం. రెండు లిథియం పాలిమర్ సెల్లుల బ్యాటరీ అంటే 7.4 వోల్టులు. అంటే నిమిషానికి దాదాపు 25,900 చుట్లు. అదే మూడు సెల్లులైతే 11.1 వోల్టులు, 38,850 చుట్లు! బరువు మోస్తున్నప్పుడు అన్ని తిరగదనుకోండి. కానీ ఒక్క సెల్లు పెరిగితే ఎంత తేడానో చూశారుగా.

ఈ రకం ట్రక్కులు మామూలు మోటారుతో గంటకు 48 కిలోమీటర్ల దాకా పోతాయి. బ్రష్‌లెస్ మోటారు, మూడు సెల్లుల బ్యాటరీతో 96 కిలోమీటర్లు దాటగలవు. వేగం రెట్టింపైంది కాబట్టి గట్టుకు తగిలితే దెబ్బ కూడా రెట్టింపే అనుకుంటాం. కాదు... నాలుగింతలు! 48 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొట్టడం అంటే తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి బండిని జారవిడిచినట్టు. 96తో కొడితే ముప్ఫై ఆరు మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టు. దాదాపు పన్నెండంతస్తులు!

ఆ దెబ్బ ఎక్కడికీ మాయమైపోదు. టైరులో కొంత, నైలాను వంపులో కొంత, షాక్ అబ్జార్బర్ల నూనెలో కొంత ఖర్చవ్వాలి. ఎక్కడా వంగని అల్యూమినియం ముక్క వేస్తే దెబ్బను అది భరించదు. తన వెనకున్నదానికి అప్పజెబుతుంది. చివరికి బండిలో ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ తేలుతుంది. అది చవగ్గా దొరికే ఆర్మ్ కావచ్చు, ఖరీదైన ఛాసిస్ కావచ్చు.

‘‘ప్రతి బండీ ఎక్కడో ఒకచోట విరుగుద్దిరా నాన్నా. నలభై ఏళ్లలో విరగని బండిని నేను చూళ్లేదు. ఎక్కడ విరగాలో బండి చెప్పకూడదు, నువ్వు చెప్పాలి’’ అన్నాడు పెద్దాయన.

మళ్లీ మొదటి నుంచి

ఆ రాత్రి తాతా మనవళ్లిద్దరూ కలిసి ఓ కాగితం మీద జాబితా రాసుకున్నారు. ఏది విరిగితే ఎంత ఖర్చు, మార్చడానికి ఎంతసేపు అని. చవగ్గా దొరికి, పదినిమిషాల్లో మార్చగలిగే ముక్కలే ముందు విరగాలి. ఖరీదైనవీ, బండంతా విప్పితే గానీ మారనివీ చివరి దాకా నిలవాలి. ఆ లెక్కన అల్యూమినియం ఆర్మ్‌లు పక్కకు పోయాయి. వాటి స్థానంలో మళ్లీ నైలానువే... కాకపోతే కొంచెం మందంగా, ఇంకాస్త వంగే రకానివి. లోహం వేయాల్సిన చోట లోహం వేశారు. డిఫరెన్షియల్ పళ్లు, చక్రానికి బలం చేరవేసే షాఫ్టులు స్టీలువి తీసుకున్నారు. అవి దెబ్బ తినే భాగాలు కావు, బలం మోసే భాగాలు మరి.

స్లిప్పర్ క్లచ్‌ను పూర్తిగా బిగించి, మళ్లీ అర నుంచి ఒక చుట్టు దాకా వదులు చేశారు. బయల్దేరేటప్పుడు ఒక్క క్షణం ‘జుయ్’మని జారిన చప్పుడు వినపడాలి. అది వినపడకపోతే మరీ బిగుతుగా ఉన్నట్టు. ఎక్కువసేపు వినపడితే వదులుగా ఉన్నట్టు.

పినియన్, స్పర్ మధ్య ఎంత ఖాళీ ఉండాలి? దానికి అనుభవజ్ఞుల చిట్కా ఒకటుంది. నోటుపుస్తకంలోంచి సన్నటి కాగితం ముక్క చించి రెండు చక్రాల మధ్య పెట్టాలి. మోటారును దగ్గరికి నొక్కి బిగించి, చక్రం తిప్పి కాగితం బయటికి తీసేయాలి. సరిగ్గా ఆ కాగితం మందం ఖాళీ మిగులుతుంది. ఖాళీ ఎక్కువైతే పళ్లు విరుగుతాయి, తక్కువైతే మోటారు వేడెక్కుతుంది. ఇనుములోకి ఇనుము బిగించే మరలకు ఊడిపోకుండా లాకింగ్ జిగురు ఓ బొట్టు వేయాలి. ప్లాస్టిక్‌లోకి బిగించే వాటికి మాత్రం వేయకూడదు. కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పెళుసెక్కి పగిలిపోతుంది.

చవకరకం బండ్లలో చక్రాలు తిరిగేచోట బుష్షులు ఉంటాయి. వాటి బదులు బాల్ బేరింగులు వేస్తే పరుగు తేలికవుతుంది, మోటారు వేడీ తగ్గుతుంది. అసలు బండికి మార్పులు చేయాలనుకునేవాళ్లు మోటారు కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు ఇదే.

నూనెలోనే కిటుకు

లారీకైతే కమాను కట్టలు. ఈ బుల్లి ట్రక్కుకు నాలుగు షాక్ అబ్జార్బర్లు. ఒక్కోదానిలో సిలికాన్ నూనె, చిల్లులున్న చిన్న పిస్టన్ ఉంటాయి. చక్రం పైకి లేచినప్పుడల్లా నూనె ఆ చిల్లుల్లోంచి దారి చేసుకుని పోవాలి. పల్చటి నూనె పోస్తే బండి గతుకుల్లో మెత్తగా పోతుంది, గాల్లోంచి పడితే మాత్రం పొట్ట నేలకు కొట్టుకుంటుంది. చిక్కటిది పోస్తే ఎత్తు నుంచి దూకినా తట్టుకుంటుంది, చిన్న గతుకుల్లో గెంతుతుంది. టెక్సాస్ వేసవిలో నూనె పల్చబడుతుంది కాబట్టి కాస్త చిక్కటిది వాడతారు. బెజవాడ ఎండల్లోనైనా అంతే. నూనె పోశాక పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందకీ ఆడించి గాలి బుడగలన్నీ పోయేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడితే నాలుగు చక్రాలూ నాలుగు రకాలుగా గెంతుతాయి. ఇంజినాయిలు లాంటివి పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి.

డిఫరెన్షియల్‌లో కూడా నూనె చిక్కదనంతోనే బండి గుణం మారుతుంది. పల్చగా ఉంటే మలుపు సులువు. చిక్కగా ఉంటే రెండు చక్రాలూ కలిసి నెడతాయి, మట్టిలో పట్టు పెరుగుతుంది.

ఇక్కడ మనవడు తాతయ్యకు నేర్పిన పాఠం కూడా ఒకటుంది. బండి గాల్లో ఉండగా ముక్కు కిందకు వాలుతోందనుకోండి. యాక్సిలరేటర్ నొక్కాలి. చక్రాలు వడిగా తిరిగేసరికి దానికి ఎదురు బలంతో ముక్కు పైకి లేస్తుంది. ముక్కు మరీ లేస్తే బ్రేకు వేయాలి. కిందకు దిగుతుంది. ‘‘గాల్లో ఉన్న బండికి బ్రేకేంట్రా!’’ అని మొదట నవ్విన పెద్దాయన, నాలుగుసార్లు చూశాక తనే రిమోట్ అందుకున్నాడు.

పైన తొడిగే బాడీ పాలీకార్బొనేట్‌ది. రంగు బయట వేయరు, లోపల వేస్తారు. గీతలు పడినా రంగు పోకుండా ఉండేందుకు. అందుకే వేసే వరస కూడా తలకిందులే. ముందు నల్లటి గీతలూ అంకెలూ, ఆ తరవాత ముదురు రంగులు, చివర్లో లేత రంగులు. షార్ట్ కోర్స్ ట్రక్కు బాడీ వెడల్పుగా ఉంటుంది కాబట్టి, ఎగిరినప్పుడు లోపలికి గాలి దూరి గొడుగులా పైకి లేపేస్తుంది. వెనక భాగంలో చిల్లులు కోసి ఆ గాలికి దారి ఇస్తారు. మన కుర్రాడు ఆ చిల్లుల చుట్టూ ముగ్గులా చుక్కలు పెట్టాడు. తలుపు మీద తాతయ్య తన చేత్తో ‘హారన్ ప్లీజ్’ అని రాశాడు. ఆ కాలనీలో అలాంటి ట్రక్కు ఇంకోటి లేదు!

ఇక్కడ మాత్రం జాగ్రత్త

ఈ సరదాలో అసలు ప్రమాదం విరిగే ముక్కల్లో లేదు. బ్యాటరీలో ఉంది. లిథియం పాలిమర్ బ్యాటరీలు చిన్న సైజులో బోలెడు శక్తి దాచుకుంటాయి. పద్ధతి తప్పితే అంటుకుంటాయి. అందుకే ఇంట్లో పిల్లలుంటే ఈ నాలుగు విషయాలూ పెద్దలే చూసుకోవాలి.

ఒక్కో సెల్లు పూర్తిగా చార్జయితే 4.2 వోల్టులు. అది దాటకూడదు. వాడేటప్పుడు 3 వోల్టుల కిందకు దిగిపోకూడదు. స్పీడ్ కంట్రోలర్‌లో లిథియం బ్యాటరీ కోసం ఉండే కట్-ఆఫ్ ఏర్పాటు ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. కొన్నాళ్లు వాడకుండా దాచాలంటే సెల్లు 3.8 వోల్టుల దగ్గర ఉండాలి.

సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జరే వాడాలి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 5 ఆంపియర్లతో చార్జ్ చేస్తే దాదాపు గంట పడుతుంది. తొందరపడి ఎక్కువ ఆంపియర్లు ఎక్కించకూడదు.

మంట అంటుకోని చోట, సిమెంటు నేల మీదో పింగాణీ పలకల మీదో పెట్టి, దగ్గర మనిషి ఉండగానే చార్జ్ చేయాలి. రాత్రి పెట్టి పడుకుంటే కుదరదు. ఉబ్బిన బ్యాటరీని ‘ఇంకొక్కసారి’ అని కూడా వాడకూడదు.

అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో బండి తెప్పించుకుంటుంటే ఇంకో మాట. విడి లిథియం బ్యాటరీలను విమానంలో లగేజీలో వేయకూడదు. చేతిసంచిలోనే, కొనలకు టేపు చుట్టి తెచ్చుకోవాలి.

రిమోట్ విషయంలోనూ ఓ పద్ధతుంది. ముందు రిమోట్ ఆన్ చేయాలి, తరవాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తరవాత రిమోట్. సిగ్నల్ తెగితే బండి ఆగిపోయేలా ఫెయిల్-సేఫ్ పెట్టుకోవాలి. ఒకప్పటి 27 మెగాహెర్ట్జ్ రిమోట్లయితే పక్కవాడి చేతిలో అదే క్రిస్టల్ ఉంటే చాలు, మన బండి వాడి మాట వినేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లతో ఆ బెడద లేదు. తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు ఈ బ్యాండును మన దేశంలో 2005లోనే లైసెన్సు అక్కర్లేకుండా చేశారు.

అన్నిటికీ మించి... రెండు కిలోలు దాటిన బండి 90 కిలోమీటర్ల వేగంతో వచ్చి కాలికి తగిలితే ఎముక విరుగుతుంది. రోడ్డు మీద, జనం తిరిగేచోట నడపనే కూడదు.

కొత్తగా మొదలుపెడితే...

మన ఇంజినీరింగ్ కాలేజీల టెక్‌ఫెస్టుల్లోనూ రిమోట్ కార్ల పోటీలు ఇప్పుడు మామూలే. కొనేటప్పుడు చూసుకోవాల్సింది వేగం కాదు, విడిభాగాలు విడిగా దొరుకుతాయా లేదా అని. ఒక్క పళ్లచక్రం పోతే బండి మొత్తం పారేయాల్సినవి బొమ్మలు. ఆ చక్రం ఒక్కటే కొని మార్చుకోగలిగేవి హాబీ బండ్లు. పిల్లలకైతే మామూలు మోటారుదే తీసుకుని, శక్తిని సగానికి తగ్గించే ట్రైనింగ్ మోడ్ ఉంటే అందులో మొదలుపెట్టించాలి. వీలైతే విడిభాగాల పెట్టెగా వచ్చే కిట్ కొనడం మేలు. తన చేత్తో బిగించిన బండి ఎక్కడ చప్పుడు చేస్తుందో ఆ పిల్లాడికి వినగానే తెలుస్తుంది. మార్పులు చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే చేయాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది మంచి చేసిందో, ఏది ముంచిందో తేలదు.

ఫ్రిస్కో గ్యారేజీలో ఆ మూడు నెలలూ అదే జరిగింది. వారానికో మార్పు. ప్రతిదీ నోటుపుస్తకంలో రాతకెక్కింది. బ్యాటరీ మళ్లీ రెండు సెల్లులకు దిగింది. మిగతా బండంతా సిద్ధమయ్యాకే మూడో సెల్లు అని తాతయ్య షరతు. ‘ఇంకొక్క డాలరు ఇవ్వను’ అన్న నాన్న, ఓ శనివారం ఆఫీసు నుంచి వచ్చి చొక్కా చేతులు మడిచి వాళ్ల పక్కన కూర్చున్నాడు. ‘‘ఏంటి నాన్నా, చిన్నప్పుడు నన్ను షెడ్డుకు రానిచ్చేవాడివి కాదుగా’’ అన్నాడు నవ్వుతూ. పెద్దాయన వెంటనే ఏమీ అనలేదు. చేతిలోని షాక్ అబ్జార్బర్‌లో బుడగలన్నీ పోయేదాకా చూసి, మూత బిగించి అప్పుడన్నాడు. ‘‘నువ్వు చదువుకోవాలని రానివ్వలేదురా. నాకు తెలిసింది ఇదొక్కటే. అది నీకు నేర్పలేదని ఇప్పుడనిపిస్తోంది. ఇదిగో, రెండోది నువ్వు బిగించు.’’

నవంబరులో తాతయ్య విజయవాడ తిరిగొచ్చేశాడు. రెండు వారాల తరవాత ఓ ఉదయం ఫోను మోగింది.

‘‘తాతయ్యా... మూడో సెల్లు పెట్టాను.’’

‘‘ఊఁ. ఎలా పోయింది?’’

‘‘సూపర్‌గా పోయింది. తరవాత గట్టుకు కొట్టాను. విరిగింది.’’

‘‘ఎక్కడ?’’

‘‘మనం రాసుకున్న చోటే. ఎడమ ఆర్మ్. పది నిమిషాల్లో మార్చేశాను!’’

పెద్దాయన తృప్తిగా నవ్వాడు. ‘‘అయితే బండి తయారైనట్టేరా’’ అన్నాడు.